చదువులో మన వాటా: లెక్క తేల్చిన పెద్దలు

మక్కాలో ముస్లిములు గుప్పెడు మందిగా ఉన్న రోజులవి. దైవప్రవక్త ముహమ్మద్ (స) ఖురైష్ నాయకులతో మాట్లాడుతున్నారు. ఆ పెద్దలు వింటే వారి వెనుక ఉన్నవారంతా వింటారన్నది ఆశ. సరిగ్గా అప్పుడే అబ్దుల్లా ఇబ్నె ఉమ్మె మక్తూమ్ (రజి) అనే అంధుడు వచ్చి, తనకూ నాలుగు మాటలు నేర్పమని అడిగారు. సంభాషణకు అడ్డు తగలడంతో ప్రవక్త (స) నొసలు ముడిపడ్డాయి. ఆయన ముఖం అటు తిప్పుకున్నారు. అంధుడికి అది కనిపించనే లేదు. అయినా ఆకాశం నుంచి సందేశం వచ్చింది. అదే దివ్య ఖుర్ఆన్‌లోని 80వ సూరా ‘అబస’. తనకేమీ అక్కరలేదనుకునే వాని వెంటపడి, నేర్చుకోవాలని పరుగెత్తి వచ్చినవానిని పట్టించుకోకపోవడం తగదన్నది ఆ సందేశ సారాంశం. అటు తర్వాత ప్రవక్త (స) ఆ సహచరుణ్ణి ఎంతో గౌరవించారు. మదీనాలో హజ్రత్ బిలాల్ (రజి)తోపాటు అజాన్ ఇచ్చే బాధ్యత ఆయనకు దక్కింది. ప్రవక్త (స) ఊరు విడిచి వెళ్ళిన సందర్భాల్లో పలుమార్లు మదీనా బాధ్యతను ఆయనకే అప్పగించారు.

ఈ సూరాను మదరసాలో పిల్లలకు బోధించేటప్పుడు మేము ఒక ప్రశ్న వేస్తుంటాము. ఆ అంధుడు వచ్చింది ఖైరాత్ కోసమా? కాదు. అన్నం కోసమా? కాదు. చదువు కోసం వచ్చారు. ఖైరాత్ అడిగినవానికి ఇచ్చినా, ఇవ్వకపోయినా అది ఇచ్చేవాని ఇష్టం. చదువు అడిగినవాడు అడిగేది తన హఖ్. మన సమాజంలో దానధర్మాలకు కొదవలేదు. రంజాన్ వస్తే జకాత్, ఫిత్రా, సదఖా ధారాళంగా ఇస్తాము. కాని హఖ్‌ను లెక్కగట్టి, కాగితం మీద పెట్టి, ప్రభుత్వం ముందు నిలబెట్టే పని వేరు. దానికి న్యాయశాస్త్రం తెలియాలి, గణాంకాలు తెలియాలి, సర్కారు ఫైలు ఏ బల్ల మీద నిద్రపోతుందో తెలియాలి. ఆ విద్యలు తెలిసిన కొందరు పెద్దలు గడచిన యాభై ఏళ్ళలో మన పిల్లల కోసం, మనలాంటి ఇతర వెనుకబడిన పిల్లల కోసం ఏమి చేశారో ఈ వారం చెప్పుకుందాము. వారిలో ముస్లిములూ ఉన్నారు, కానివారూ ఉన్నారు.

2005 మార్చిలో ప్రధాని మన్మోహన్ సింగ్ ఏడుగురితో ఒక ఉన్నతస్థాయి కమిటీ వేశారు. దేశంలో ముస్లిముల సామాజిక, ఆర్థిక, విద్యా స్థితి ఎలా ఉన్నదో తేల్చమన్నారు. అధ్యక్షులు ఢిల్లీ హైకోర్టు ప్రధాన న్యాయమూర్తిగా చేసి రిటైరైన జస్టిస్ రాజిందర్ సచార్. లాహోర్‌లో పుట్టిన మనిషి. తండ్రి భీంసేన్ సచార్ పంజాబ్ ముఖ్యమంత్రిగా చేసి, 1957 నుంచి 1962 వరకు మన ఆంధ్రప్రదేశ్‌కు గవర్నరుగా ఉన్నారు. కాబట్టి ఆ ఇంటిపేరు మన రాష్ట్రానికి కొత్తది కాదు. కమిటీలో ఆర్థికశాస్త్రవేత్త అబూసాలెహ్ షరీఫ్ సభ్య కార్యదర్శి. అంకెల భారం ప్రధానంగా ఆయన మీదే పడింది. మరో సభ్యులు సయ్యద్ హామిద్ సాహెబ్ ఐఏఎస్ అధికారిగా పనిచేసి, అలీగఢ్ ముస్లిం విశ్వవిద్యాలయానికి వైస్ ఛాన్సలరుగా వ్యవహరించిన విద్యావేత్త. ఈ పని చేసే నాటికి ఆయనకు ఎనభై అయిదు దాటాయి.

2006 నవంబరులో నివేదిక వచ్చింది. నాలుగు వందల పేజీలు దాటిన పుస్తకం. 2001 జనగణన ప్రకారం దేశ జనాభాలో ముస్లిములు 13.4 శాతం. ఐఏఎస్‌లో 3 శాతం, ఐపీఎస్‌లో 4 శాతం, విదేశాంగ సర్వీసులో 1.8 శాతం. 6 నుంచి 14 ఏళ్ళ లోపు ముస్లిం పిల్లల్లో నాలుగో వంతు మంది అసలు బడి గడప తొక్కనివారు, లేదా తొక్కి మధ్యలో మానేసినవారు. దేశంలోని పేరుమోసిన కళాశాలల్లో డిగ్రీ చదివే ప్రతి 25 మందిలో ఒక్కరే ముస్లిం. పోస్టుగ్రాడ్యుయేషన్‌కు వచ్చేసరికి ప్రతి 50 మందిలో ఒక్కరు.

ఈ అంకెలన్నీ పత్రికల్లో మోగిపోయాయి. మాకు మాత్రం అన్నిటికంటే విలువైనదిగా తోచింది మరొక అంకె. అంతకుముందు ఎవరిని అడిగినా, ముస్లిం పిల్లలంతా మదరసాలకే పోతారు, వారికి మామూలు చదువంటే గిట్టదు అనేవారు. సభల్లో అనేవారు, బడుల్లో మాస్టర్లు అనేవారు, మనలో కొందరు కూడా తల ఊపేవారు. కమిటీ లెక్క తీసి చూస్తే, బడి ఈడు ముస్లిం పిల్లల్లో మదరసాకు పోయేవారు నూటికి నలుగురికి మించలేదు. మరి ఆ అపోహ ఎక్కడినుంచి వచ్చింది? మక్తబ్‌ను, మదరసాను కలిపి ఒకే గాటన కట్టడం నుంచి వచ్చింది. ఫజర్ తర్వాత ఒక గంట, లేదా మగ్రిబ్ వేళ ఒక గంట పిల్లలు మసీదుకు పోయి ఖాయిదా, నాజిరా ఖుర్ఆన్ చదువుకుంటారు. అది మక్తబ్. అదే పిల్లలు తొమ్మిదింటికి పుస్తకాల సంచి తగిలించుకుని మామూలు బడికి పోతారు. మదరసా అంటే అక్కడే ఉండి హిఫ్జ్, ఆలిమ్ కోర్సు చదివే చోటు. ఈ తేడా తెలియనివారు టోపీ పెట్టిన పిల్లవాణ్ణి చూడగానే మదరసా లెక్కలో వేసుకున్నారు. తేడాను అధికార పత్రంలో రాసిపెట్టడం వల్ల మాలాంటి మదరసావాళ్ళకు జరిగిన మేలు ఇంతా అంతా కాదు. ఇకమీదట పిల్లలు చదువుకు దూరమైతే, కారణం మదరసా కాదు, బడి లేకపోవడమే అని గట్టిగా అడగగలిగాము.

బడి లేకపోవడం గురించి కూడా కమిటీ దాపరికం లేకుండా రాసింది. వారు రాష్ట్రాలు తిరిగి జనం మాటలు విన్నారు. ముస్లిముల బస్తీల్లో బడులు, ఆసుపత్రులు, బ్యాంకుల కంటే పోలీసు చౌకీలే ముందు కనిపిస్తాయని చాలాచోట్ల చెప్పిన ఫిర్యాదును నివేదికలో చేర్చారు. ఆడపిల్లల బడి దూరంగా ఉండటం, హాస్టలు లేకపోవడం, చదివినా ఉద్యోగం రాదన్న నిరాశ, ఇవన్నీ చదువు మానడానికి కారణాలుగా చూపించారు. తల్లిదండ్రులకు చదువు మీద ఇష్టం లేదన్న వాదాన్ని తోసిపుచ్చారు.

మన ఆంధ్రప్రదేశ్ సంగతి ఆ నివేదికలో ఒక చిక్కుముడి. 2001లో రాష్ట్ర సగటు అక్షరాస్యత 60.5 శాతం ఉంటే, రాష్ట్రంలోని ముస్లిముల అక్షరాస్యత 68 శాతం. మనమే ముందున్నాము! మన గురించి అడిగినప్పుడల్లా ఈ అంకెను ఎత్తిచూపి నోరు మూయించినవారు ఉన్నారు. కాని సగటు అంకె గుణం వేరు. మోకాలి లోతు సగటు ఉన్న చెరువులో కూడా మనిషి మునిగే గుంట ఉంటుంది. మన రాష్ట్రంలో ముస్లిములు పల్లెల కంటే పట్టణాల్లో ఎక్కువ. పట్టణంలో ఉన్నవాడు సంతకం పెట్టడం, బోర్డు చదవడం తొందరగా నేర్చుకుంటాడు. హైదరాబాదు, కర్నూలు, గుంటూరు నగరాల్లోని చదువుకున్న కుటుంబాల అంకె, కడప పల్లెల్లో రాళ్ళు కొట్టుకునే కుటుంబం అంకెతో కలిసిపోతే ఆ రాళ్ళు కొట్టేవాని పిల్లలు లెక్కలో కనబడరు. ఆ కనబడనివారిని వెతకడానికి మరొకరు రావలసి వచ్చింది. ఆయన సంగతి కాసేపట్లో.

సచార్ కమిటీ మరొక ఆలోచన చెప్పింది. అది ఈ దేశంలో అంతగా చర్చకు రాలేదు. ఒక కళాశాలలో, ఒక కంపెనీలో, ఒక హౌసింగ్ సొసైటీలో అన్ని వర్గాలవారూ ఎంతమేరకు ఉన్నారో కొలిచే ‘వైవిధ్య సూచిక’ ఒకటి తయారుచేయాలని, అన్ని వర్గాలకూ చోటిచ్చే సంస్థలకు ప్రభుత్వం ప్రోత్సాహకాలు ఇవ్వాలని చెప్పింది. ఎవరినీ శిక్షించనక్కరలేదు, మంచి పని చేసినవానికి నాలుగు రూపాయలు ఎక్కువ గ్రాంటు ఇస్తే చాలు. ఆర్థికశాస్త్రవేత్త అమితాబ్ కుండూ అధ్యక్షతన ఒక నిపుణుల బృందం 2008లో ఆ కొలత ఎలా వేయాలో సూత్రంతో సహా రాసిచ్చింది. వివక్ష జరిగినప్పుడు ఫిర్యాదు వినడానికి సమాన అవకాశాల కమిషన్ వేయాలన్న సిఫారసు మీద, బెంగుళూరు నేషనల్ లా స్కూలును నిర్మించిన ఎన్.ఆర్. మాధవ మీనన్ గారి బృందం అదే ఏడాది ముసాయిదాతో సహా నివేదిక ఇచ్చింది. రెండూ చట్టాలు కాలేదు. ఆనాటి ప్రభుత్వం ఆరేళ్ళు నాన్చింది, తర్వాత వచ్చిన ప్రభుత్వం ఆ జోలికే పోలేదు. నివేదిక ఫలితంగా వచ్చినవాటిలో ముస్లిం ఇళ్ళకు నేరుగా తెలిసినవి స్కాలర్‌షిప్పులు. వాటిలోనూ ఒకటినుంచి ఎనిమిదో తరగతి వరకు ఇచ్చే ప్రీమెట్రిక్ స్కాలర్‌షిప్పును కేంద్రం 2022లో ఆపివేసింది. పరిశోధక విద్యార్థులకిచ్చే మౌలానా ఆజాద్ ఫెలోషిప్పును కూడా ఆ ఏడాదే నిలిపివేసింది.

జస్టిస్ సచార్ 2018 ఏప్రిల్‌లో కన్నుమూశారు. హామిద్ సాహెబ్ అంతకు ముందే, 2014 డిసెంబరులో అల్లాహ్ సన్నిధికి చేరుకున్నారు.

ఇప్పుడు రాళ్ళు కొట్టేవాని పిల్లల సంగతికి వద్దాము. వారిని వెతికిన అధికారి పి.ఎస్. కృష్ణన్ గారు. తిరువనంతపురంలో పుట్టిన ఈయన 1956లో ఐఏఎస్‌లో చేరి మన ఆంధ్రప్రదేశ్ కేడరుకు వచ్చారు. పడుచు అధికారిగా ఉన్నప్పుడు ఊళ్ళకు క్యాంపు వెళితే ఊరిపెద్దల ఇంట్లో దిగకుండా దళితవాడలో మకాం వేసేవారట. పై అధికారి ఆయన రహస్య నివేదికలో రాసిన ‘లోపాలు’ ఏమిటో ఆయనే తర్వాత చెప్పుకున్నారు: అణగారిన వర్గాలంటే మితిమీరిన పక్షపాతం, కులాంతర వివాహాలను గట్టిగా సమర్థించడం, గ్రామాధికారుల మాట కంటే పల్లె జనం మాటను నమ్మడం. ఇటువంటి లోపాలు మన అధికారులందరికీ ఉంటే ఎంత బాగుండును! 1990లో మండల్ సిఫారసులు అమలుకు వచ్చినప్పుడు కేంద్ర సంక్షేమ శాఖ కార్యదర్శి ఆయనే.

ఇక మన రాష్ట్రంలో 2004 నుంచి జరిగింది పాఠకులకు తెలిసినదే, అయినా వరుస ముఖ్యం. 2004లో ప్రభుత్వం ముస్లిములందరికీ కలిపి 5 శాతం రిజర్వేషన్ ఇస్తూ జీవో తెచ్చింది. హైకోర్టు కొట్టివేసింది. 2005లో చట్టం చేసింది. అదీ హైకోర్టులో నిలవలేదు. మతం మొత్తాన్ని ఒక వెనుకబడిన తరగతి అనడం రాజ్యాంగం ముందు నిలబడదన్నది ఈ రెండుసార్లూ తేలిన పాఠం. అప్పటికి రిటైరై చాలా ఏళ్ళయిన కృష్ణన్ గారిని ప్రభుత్వం సలహాదారుగా పిలిచింది. ఆయన మతాన్ని పక్కనపెట్టి వృత్తిని పట్టుకున్నారు. హిందువుల్లో చాకలి, మంగలి వెనుకబడిన కులాలైతే, అదే రేవులో బట్టలుతికే తురక చాకలి, అదే కత్తితో క్షవరం చేసే హజామ్ ఎలా ముందున్నవారవుతారు? వృత్తి ఒకటే, పేదరికం ఒకటే, ఊళ్ళో పిలిచే పిలుపులోని చులకన ఒకటే. ఇదేమీ కొత్త సూత్రం కాదు. 1970లో అనంతరామన్ కమిషన్ తర్వాత వచ్చిన జాబితాలోనే దూదేకులవారు బీసీ-బి గ్రూపులో ఉన్నారు, ముస్లిం మెహతర్లు ఎ గ్రూపులో ఉన్నారు. వారిద్దరికీ దారి తెరిచి మిగిలినవారికి మూసి ఉంచారు, అంతే.

2007లో ఆయన ఇచ్చిన నివేదిక ఆధారంగా 14 వర్గాలకు బీసీ-ఇ అనే కొత్త గ్రూపు కింద విద్యలో, ఉద్యోగాల్లో 4 శాతం కేటాయిస్తూ చట్టం వచ్చింది. ఆ జాబితాను ఒకసారి నెమ్మదిగా చదవండి. అచ్చుకట్లవాళ్ళు, అత్తరు సాయిబులు, తురక చాకలి, ఫకీర్లు, పాములాడించే గారడీ సాయిబులు, గోసంగి, ఎలుగుబంట్లను ఆడించే గుడ్డి ఎలుగువాళ్ళు, హజామ్, లబ్బి, బోరేవాలే, మాంసం కొట్టు పెట్టుకునే ఖురేషీలు, షేక్, ఎప్పుడో ఆఫ్రికా తీరం నుంచి వచ్చిన సిద్దీలు, తిరగలి రాళ్ళకు కక్కు కొట్టే తురక కాశలు. మనం ఈద్‌గాహ్‌లో భుజం భుజం కలిపి నిలబడే మనుషులే వీరంతా. అయినా మన ఉర్దూ పత్రికల్లో గాని, జల్సాల్లో గాని వీరి పేర్లు ఇలా వరుసగా విన్నది ఎప్పుడు? ఒక మలయాళ హిందూ అధికారి రాస్తే విన్నాము. సయ్యదులు, పఠాన్లు, మొఘలులు, అరబ్బులు, బోహ్రాలు, కచ్చీ మేమన్లు మొదలైనవారిని ఆయన జాబితా బయట ఉంచారు.

2010 ఫిబ్రవరిలో హైకోర్టు విస్తృత ధర్మాసనం మెజారిటీ తీర్పుతో ఈ చట్టాన్నీ కొట్టివేసింది. అదే ఏడాది మార్చి 25న సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వు ఇచ్చి, ఆ 14 వర్గాలకు రిజర్వేషన్ కొనసాగనిచ్చింది, అసలు ప్రశ్నను రాజ్యాంగ ధర్మాసనానికి వదిలింది. ఆ ఒక్క ఉత్తర్వు నీడలో అప్పటినుంచి ఎందరు పిల్లలు ఇంజనీరింగు, మెడిసిన్, బీఈడీ సీట్లలో చేరారో! కృష్ణన్ గారు 2019 నవంబరులో చనిపోయారు. ఆ రోజు మన మసీదుల్లో ఆయన పేరు తలచుకున్నవారు ఎక్కువమంది ఉండరు.

‘వాళ్ళు ముస్లిములు కారు కదా, మన గురించి వాళ్ళకెందుకు?’ అని మమ్మల్ని అడిగిన యువకులు ఉన్నారు. బద్ర్ యుద్ధంలో పట్టుబడిన ఖైదీల సంగతి వారికి గుర్తుచేస్తాము. పరిహారం కట్టలేనివారిలో చదువు వచ్చినవారు ఒక్కొక్కరు మదీనా పిల్లలు పదిమందికి రాయడం నేర్పితే చాలు, విడుదల అన్నారు ప్రవక్త (స). కత్తి పట్టుకుని వచ్చిన శత్రువు నుంచి కూడా చదువు తీసుకున్నారు. తర్వాతి కాలంలో ఖుర్ఆన్‌ను గ్రంథంగా కూర్చిన జైద్ బిన్ సాబిత్ (రజి) అలా రాత నేర్చుకున్న పిల్లల్లో ఒకరని చెబుతారు. అలాంటప్పుడు కృష్ణన్, సచార్ వంటి స్నేహితులు చేసిన మేలును గుర్తించడానికి మనకు అడ్డేమిటి?

అంతకంటే కష్టమైన ప్రశ్న మనలోపలి నుంచే వచ్చింది. ‘ఇస్లాంలో కులాలు లేవు. ఈ జాబితా మనలో కులాలు సృష్టిస్తోంది’ అని 2007లో కొందరు ఉలమా సాహెబులు, కొందరు నాయకులు అన్నారు. ఈ మాటను మేము తేలికగా తీసుకోము. అరబ్బుకు అరబ్బేతరునిపై, తెల్లవానికి నల్లవానిపై ఎటువంటి ఆధిక్యం లేదని ప్రవక్త (స) తమ చివరి హజ్ ప్రసంగంలో ప్రకటించారన్నది ప్రతి ముస్లిం పిల్లవానికీ తెలుసు. ధర్మంలో కులం లేదు, నిజమే. మరి మన ఇళ్ళలో? నమాజు సఫ్‌లో పక్కన నిలబడిన ఖురేషీ, సలాం ఫేరిన తర్వాత సంబంధం మాట ఎత్తితే ‘ఖాన్‌దాన్ చూడాలి’ అనే జవాబు రాదా? మదరసాలో ఫిఖహ్ చదివినవారికి ‘కుఫూ’ అధ్యాయం తెలుసు. పెళ్ళిలో సరిజోడు చూడమన్న ఆ చర్చను పట్టుకుని నేతపనివాణ్ణి, హజామ్‌ను కిందిమెట్టు మీద కూర్చోబెట్టిన వ్యాఖ్యానాలు మన పుస్తకాల్లోనే ఉన్నాయి. కాని ప్రవక్త (స) ఏం చేశారు? తమకు హిజామా చేసి రక్తం తీసే అబూ హింద్ అనే వ్యక్తికి పిల్లనివ్వండి, అతని ఇంటి పిల్లను చేసుకోండి అని బనూ బయాజా తెగవారితో స్వయంగా అన్నారు. ఆ హదీసును మింబర్ మీదనుంచి చెప్పడం కంటే కుఫూ అధ్యాయం చెప్పడమే మనకు అలవాటైంది. రోగం మనది, దాని పేరు కాగితం మీద రాసిన వైద్యుని మీద కోపం తెచ్చుకోవడంలో అర్థం లేదు. తెగలను, జాతులను ఒకరినొకరు గుర్తించడానికే చేశానని అల్లాహ్ సూరా హుజురాత్‌లో చెప్పిన మాటకు, వెనుకబడినవానిని గుర్తించడం విరుద్ధమెలా అవుతుంది?

కృష్ణన్ గారి తరంలోనే మరొక పెద్దమనిషి ఎస్.ఆర్. శంకరన్. ఆయనా ఐఏఎస్సే, ఆయనా పక్క రాష్ట్రం నుంచి మన కేడరుకు వచ్చినవారే. పెళ్ళి చేసుకోలేదు, జీతంలో, పెన్షన్‌లో చాలా భాగం పేద దళిత విద్యార్థుల చదువులకే పోయింది. వెట్టిచాకిరీ నిర్మూలన చట్టాన్ని ఊరూరా అమలు చేయించారు. 2005లో పద్మభూషణ్ ప్రకటిస్తే వద్దన్నారు. పి.వి. నరసింహారావు గారి కాలంలో 1971లో నల్లగొండ జిల్లా సర్వేల్‌లో మొదలైన గురుకుల పద్ధతిని దళిత పిల్లల కోసం పెద్దయెత్తున విస్తరించడంలో ఆయన పాత్ర పెద్దది. ఆ చెట్టు కొమ్మే తెలంగాణలో 2016లో మొదలైన మైనారిటీ గురుకులాలు. 71 బడులతో ఆరంభించి, కొద్దికాలంలోనే 204కు పెంచారు. వాటిలో సుమారు సగం ఆడపిల్లలవి. సీట్లలో 75 శాతం మైనారిటీలకు, 25 శాతం ఇతర వర్గాలకు. ఈ ఇరవై అయిదు శాతం మాట విని మొదట్లో గొణిగినవారు ఉన్నారు. మాకైతే అదే మంచి ఏర్పాటనిపించింది. ఒకే గదిలో పడుకుని, ఒకే పళ్ళెం వరుసలో తిని పెరిగిన పిల్లలు రేపు ఊళ్ళో పుకారు లేచినప్పుడు ఒకరి ముఖం ఒకరు ఎరిగి ఉంటారు. గురుకులంలో పనిచేసే వార్డెను, టీచరు, వంటమనిషి ఈ పని కోసం పడే పాట్లు ఏ నివేదికలోనూ ఉండవు. కూతుర్ని హాస్టలుకు పంపమని పర్దా ఇంటి తల్లిని ఒప్పించడానికి ఒక టీచరమ్మ నాలుగుసార్లు ఆ గడప ఎక్కవలసి వస్తుంది. అయిదోసారి నానమ్మను ఒప్పించాలి.

సమానత్వం పేరుతో పెట్టిన నియమమే ఒక్కోసారి అడ్డం తిరుగుతుంది కూడా. ఉర్దూ మాధ్యమం బడుల్లో టీచరు పోస్టులకు కూడా రోస్టరు ప్రకారం ఎస్సీ, ఎస్టీ రిజర్వేషన్ ఉంటుంది. నియమం న్యాయమైనదే. కాని ఆ వర్గాల్లో ఉర్దూలో చదివిన అభ్యర్థులు దొరకడం అరుదు. అందువల్ల ఆ పోస్టులు ఒక డీఎస్సీ నుంచి మరో డీఎస్సీకి ఖాళీగానే జరుగుతూ వస్తాయి. దాంతో తరగతిలో కూర్చున్న పిల్లలకు టీచరు ఉండడు, పోస్టు ఎవరికోసం దాచారో వారికీ ఉద్యోగం రాదు. అభ్యర్థులు దొరకని పోస్టులను డీరిజర్వ్ చేయాలని ఉర్దూ ఉపాధ్యాయులు ఎన్నో ఏళ్ళుగా అడుగుతున్నారు. మా అభిప్రాయం ఇంకొంచెం ముందుకు పోతుంది. డీరిజర్వ్ చేసినన్ని పోస్టులను ఆ వర్గాలకు తెలుగు మాధ్యమంలో కలిపి ఇవ్వాలి. ఒకరి హఖ్ తీసి మరొకరికి ఇస్తే అది ఇన్‌సాఫ్ కాదు.

హఖ్ మాట వచ్చింది కాబట్టి చేదుగా ఉన్నా ఒక సంగతి చెప్పాలి. బీసీ-ఇ జాబితాలో ‘షేక్’ ఉన్నది. దాన్ని అడ్డం పెట్టుకుని సయ్యద్, పఠాన్ కుటుంబాలవారు కొందరు పిల్లల పేరు ముందు షేక్ అని చేర్చి సర్టిఫికెట్ తెచ్చుకుంటున్నారు. ఇరుగుపొరుగుకు తెలుసు, తెలిసీ ఊరుకుంటారు. ‘అందరం ముస్లిములమే కదా’ అని సర్దిచెబుతారు. కులాలు లేవన్న ధర్మసూత్రం ఇక్కడ మాత్రం ఎంత చక్కగా గుర్తుకొస్తుందో చూడండి! ఆ సీటు రాతిపని చేసుకునే వాని కూతురిది. అబద్ధపు ధ్రువపత్రంతో దాన్ని తీసుకోవడం చట్టం ముందు నేరం, బయటపడితే చదువు మధ్యలో సీటు పోతుంది. ధర్మం ముందు అది గసబ్, పరుల సొమ్మును లాక్కోవడం. ఆ డిగ్రీతో వచ్చే జీతం హలాలా హరామా అని మమ్మల్ని అడిగినవారికి జవాబు చెప్పేముందు, ఆ సీటు ఎవరిదో ముందు కనుక్కోమని అంటాము. పేద సయ్యద్‌కు, పేద పఠాన్‌కు దారి లేదా అంటే ఉన్నది. 2019లో వచ్చిన 103వ రాజ్యాంగ సవరణ ప్రకారం ఏ రిజర్వేషన్ కిందికీ రానివారిలో, కుటుంబ ఆదాయం ఏడాదికి 8 లక్షలలోపు ఉన్నవారికి ఈడబ్ల్యూఎస్ కింద 10 శాతం ఉన్నది. భూమి, ఇల్లు వంటి మరికొన్ని షరతులు కూడా ఉన్నాయి. దానికి వేరే ధ్రువపత్రం కావాలి, అదీ తహసీల్దారు కార్యాలయమే ఇస్తుంది.

మరోపక్క, నిజంగా జాబితాలో ఉన్నవారు ఒక్క పదం కోసం నష్టపోతున్నారు. పిల్లవాణ్ణి బడిలో చేర్చేటప్పుడు అడ్మిషన్ రిజిస్టరులో మతం, కులం గడులు రెండింటిలోనూ ‘ముస్లిం’ అనే రాయించి వచ్చేస్తారు. పదేళ్ళ తర్వాత ఇంటర్ అయ్యి కౌన్సెలింగ్ దగ్గరపడ్డాక బీసీ-ఇ ధ్రువపత్రం కోసం పరుగెత్తితే, టీసీలో షేక్ అనో హజామ్ అనో ఖురేషీ అనో ఎక్కడా లేదని కార్యాలయం వెనక్కి పంపుతుంది. అప్పుడు తండ్రి టీసీ, పెదనాన్న టీసీ, ఊరిలో విచారణ అంటూ వారాలు గడుస్తాయి. సీటు ఆగదు. కాబట్టి ఒకటో తరగతిలో చేర్చే రోజే, గడిలో తమ వర్గం పేరు స్పష్టంగా రాయించండి. రాసిన తర్వాత ఒకసారి చదివి వినిపించమని అడగండి. పేరు ఉర్దూలో ఒక రకంగా, ఆధార్‌లో మరో రకంగా, రిజిస్టరులో ఇంకో రకంగా ఉంటే పదో తరగతి హాల్‌టికెట్ రాకముందే సరిచేయించండి. తెలుగు చదవడం రాని తల్లిదండ్రులు మసీదులోని ఇమామ్ సాహెబ్‌నో, వీధిలో చదువుకున్న పిల్లనో వెంట తీసుకుని వెళ్ళండి. బడులు జూన్‌లో తెరుస్తారు. మే నెల చివరి రెండు జుమాలలో ఖుత్బాకు ముందు చేసే ప్రసంగంలో అయిదు నిమిషాలు ఈ గడి గురించి చెప్పమని ఇమామ్ సాహెబులను కోరుతున్నాము.